ఇంగ్లండ్ స్థానిక సంస్థలకు కొవిడ్ నిధుల పంపిణీ: ఒక సమీక్ష

2020 మార్చిలో ఇంగ్లండ్ స్థానిక సంస్థలకు ప్రభుత్వం ప్రకటించిన 160 కోట్ల పౌండ్లలో అత్యధిక భాగాన్ని వృద్ధుల, దివ్యాంగుల సంరక్షణ అవసరాల లెక్క ప్రకారమే పంచారు కనుక, రెండంచెల పాలన ఉన్న చోట్ల ఆ సొమ్ము దాదాపుగా ఈ సంరక్షణ బాధ్యత చూసే పై అంచె కౌంటీ కౌన్సిళ్లకే చేరి, చెత్త సేకరణ, నిరాశ్రయుల వసతి చూసే డిస్ట్రిక్ట్ కౌన్సిళ్లకు నామమాత్రంగానే దక్కింది. లాక్‌డౌన్‌లో పార్కింగ్ రుసుములు, ఈత కొలనుల రాబడి ఆగిపోయి కుంగిపోయినవి ఎక్కువగా ఈ కింది అంచె సంస్థలే. ఏప్రిల్‌లో అంతే మొత్తపు రెండో విడతను జనాభా ప్రాతిపదికన లెక్కగట్టి, కౌంటీకి 65 శాతం, డిస్ట్రిక్ట్‌కు 35 శాతంగా విభజించడం నిజంగా మెచ్చదగిన సవరణ. అయితే పేదరికాన్ని పట్టించుకోని తలసరి కొలమానం నాకు సమ్మతం కాదు. నిరుపేద పట్టణానికీ సంపన్న శివారుకూ తలకు ఒకే మొత్తం ఇవ్వడం న్యాయమనిపించదు.