పోర్ట్ రాయల్ హాబిటేషన్: గంటలో చూసేసే చోటు కాదు

కెనడాలోని నోవా స్కోషియా వెళ్తే అనాపొలిస్ రాయల్ ఊరి దగ్గరున్న ఈ చోటుకి కనీసం ఒక పూట పెట్టుకోండి. మొదటిసారి ఒక టూర్ ప్యాకేజీలో వెళ్తే గంటలోనే బస్సెక్కమన్నారు, చాలా బాధేసింది, అందుకే ఈసారి హాలిఫాక్స్ నుంచి మా కారులోనే రెండు గంటల పైన ప్రయాణం చేసి మళ్లీ వెళ్లాం.

1605లో ఫ్రెంచివాళ్లు కట్టుకున్న ఆవాసం ఇది. అసలుదాన్ని 1613లో ఇంగ్లీషువాళ్లు తగలబెట్టేశారు, ఇప్పుడున్నది 1939-40లో పాత పద్ధతుల్లోనే మళ్లీ కట్టింది. మధ్యలో బావి, చుట్టూ ఒకదానికొకటి ఆనుకున్న చెక్క ఇళ్లు, అచ్చం మండువా లోగిలిలా ఉంటుంది. కొలిమి, రొట్టెలు కాల్చే గది చూశాక తోళ్ల వ్యాపారం చేసిన గదిలో బీవర్ అనే నీటి జంతువు తోలు మీద చెయ్యి పెట్టాను. వేళ్లు బొచ్చులో కూరుకుపోయాయి. ఇంత సముద్రం దాటి వచ్చింది దీనికోసమా అనిపించింది.

నేను ఎక్కువసేపు ఉండిపోయింది మాత్రం ఇక్కడి ఆదివాసులైన మిక్‌మా ప్రజల విగ్వామ్, అంటే బెరడు గుడిసె దగ్గర. బర్చ్ చెట్టు బెరడు పలకల్ని ఒకదాని మీద ఒకటి వచ్చేలా పేర్చి, స్ప్రూస్ చెట్టు వేళ్లని చీల్చి వాటితోనే కుట్టేస్తారు, వాన నీళ్లు జారిపోతాయి. ఆ రోజుల్లో ఎండాకాలం తీరంలో చేపలు, చలికాలం లోపలి అడవుల్లో వేట, మకాం మార్చేటప్పుడు ఆ బెరడుని చుట్టి మోసుకుపోవడమే.

ఫ్రెంచివాళ్లు ఇక్కడికి రాకముందు చలికాలం సెయింట్ క్రాయ్ దీవిలో గడిపారు, అక్కడ ఉన్న 79 మందిలో 35 మంది తాజా తిండి లేక వచ్చే స్కర్వీ జబ్బుతో చనిపోయారు. ఇక్కడికొచ్చాక మిక్‌మా వాళ్లు తాజా మాంసం తెచ్చిచ్చారు, 1606-07 చలికాలంలో ఫ్రెంచి అన్వేషకుడు షాంప్లేన్ మొదలుపెట్టిన విందుల్లో వాళ్ల నాయకుడు మెంబెర్టూ కూడా బల్ల దగ్గర కూర్చున్నాడు. 1607లో వ్యాపార హక్కు రద్దయి ఫ్రెంచివాళ్లు వెళ్లిపోతే, పక్కింటివాళ్లకి తాళం అప్పజెప్పి ఊరెళ్లినట్టు, 1610లో వాళ్లు తిరిగొచ్చేదాకా ఈ ఇళ్లని చూసుకున్నది ఆయనే. ఈ కథ తెలిశాక ఆ పొడవాటి భోజనాల బల్లని చూస్తే కళ్లు చెమర్చాయి.

ఆ కాలపు బట్టల్లో ఉండే సిబ్బంది ఎన్ని అడిగినా విసుక్కోరు. ఏడాదంతా తెరిచి ఉండదు, తేదీలు చూసుకుని బయల్దేరండి. వెళ్లాక ముందు విగ్వామ్ దగ్గర కాసేపు కూర్చుని, తర్వాత ఇళ్లలోకి వెళ్లండి.