గిట్ డిఫ్‌లో ఏ గుర్తులు మేలు?

కోడ్ మార్పుల చరిత్రను దాచే సాధనమైన గిట్‌లో డిఫ్ (రెండు రూపాల మధ్య తేడాల జాబితా) చూసినప్పుడు ప్రతి ఫైలు పేరు ముందు ఏ/, బీ/ అనే గుర్తులు కనిపిస్తాయి. మార్పుకు ముందున్నది ఏ, తర్వాతది బీ. వాటితో తెలిసేది అంతే. వేటిని పోల్చారో తెలియాలంటే ఇచ్చిన ఆదేశం గుర్తుండాలి.

ఒక ఫైలులో సగం మార్పులను స్టేజ్ చేసి (అంటే తర్వాతి కమిట్ కోసం ఎంచి పెట్టి), మిగతా సగాన్ని అలాగే ఉంచారనుకుందాం. ఉత్త ‘గిట్ డిఫ్’ స్టేజ్ చేయని మార్పులను చూపుతుంది. ‘గిట్ డిఫ్ --క్యాష్డ్’ తర్వాతి కమిట్‌లోకి, అంటే చరిత్రలో భద్రపరిచే తర్వాతి నమోదులోకి, వెళ్లబోయే వాటిని చూపుతుంది. రెండింటిలోనూ పైన ఉండేవి ఇవే:

--- ఏ/లాగిన్.పీవై
+++ బీ/లాగిన్.పీవై

వాటి పైనుండే వరుసలో హ్యాష్‌లు (ఫైలు రూపాలను గుర్తించే అక్షరాల, అంకెల వరుసలు) వేరుగానే ఉంటాయి కానీ, వాటిని చూసి ఏది ఏదో పోల్చుకోగల వారెవరు? ఆ ముక్కను కాపీ చేసి సహోద్యోగికి పంపితే, అది కమిట్‌కు సిద్ధమైన మార్పో, ఇంకా దిద్దుతున్నదో ఆయనకు తెలిసే దారి లేదు.

ఇందుకు గిట్‌లోనే ‘డిఫ్.మ్నెమోనిక్‌ప్రిఫిక్స్’ అనే సెట్టింగు ఉంది. దాన్ని ‘ట్రూ’ చేస్తే మొదటి ఆదేశానికి ఐ/, డబ్ల్యూ/ వస్తాయి: అంటే ఇండెక్స్‌కూ (స్టేజ్ చేసినవి ఉండే చోటు) మన పని ఫోల్డరుకూ మధ్య తేడా. రెండోదానికి సీ/, ఐ/ వస్తాయి: కమిట్‌కూ ఇండెక్స్‌కూ మధ్య తేడా. ప్రస్తుత కమిట్‌తో (హెడ్‌తో) పని ఫోల్డరును పోల్చే ‘గిట్ డిఫ్ హెడ్’ అంటే సీ/, డబ్ల్యూ/. ఏ ఆదేశం ఇచ్చామో మరచిపోయినా గుర్తే చెబుతుంది. లోపం లేదనను. స్టేజింగ్ అనే మాటకే అలవాటుపడిన కొత్తవారికి ఐ అంటే ఏమిటో ఒకసారి వివరించాలి. ఒక్కసారి చాలు.

మూడో దారి ‘డిఫ్.నోప్రిఫిక్స్’. గుర్తులే ఉండవు. ఫైలు దారిని మౌస్‌తో ఎంచుకుని నేరుగా ఎడిటర్‌లో తెరవవచ్చు. ఈ సుఖం కోసమే చాలామంది దాన్ని పెట్టుకుంటారు. నేను మాత్రం వద్దంటాను. ప్యాచ్‌లోని, అంటే ఇతరులకు పంపిన డిఫ్‌లోని, మార్పులను ఫైళ్లలో అమలుచేసే ‘గిట్ అప్లై’ ప్రతి దారిలోనూ మొదటి భాగాన్ని తీసేసి చదువుతుంది. గుర్తు ఉంటే పోయేది ఆ గుర్తే. లేకపోతే అసలు ఫోల్డరు పేరే పోతుంది. పాత ఫైలును మార్చే ప్యాచ్ అయితే చాలావరకు ఎర్రర్ వచ్చి ఆగుతుంది. కొత్త ఫైలును చేర్చే ప్యాచ్ అలా ఆగదు: డాక్స్ ఫోల్డరులో ఉండాల్సిన ఫైలు చడీచప్పుడు లేకుండా ప్రాజెక్టు మొదటి ఫోల్డరులో చేరుతుంది. ఏ భాగాన్నీ తీసేయవద్దని చెప్పే ‘-పీ0’ ఇస్తే సరిపోతుంది నిజమే. కానీ ఆ సంగతి ప్యాచ్ అందుకున్న వ్యక్తికి ముందే తెలిసి ఉండాలి. ఐ, డబ్ల్యూ గుర్తులతో ఈ బెడద లేదు. అక్షరం ఏదైనా తీసేసేది ఆ ఒక్క భాగాన్నే.

కాబట్టి మనుషులు చదివే టెర్మినల్‌కు మ్నెమోనిక్‌ప్రిఫిక్స్‌నే ఎంచుకుంటాను. డిఫ్‌ను చదివే స్క్రిప్టులు వేరు సంగతి. వాటిలో కొన్ని ఏ/, బీ/ ఉంటాయనే నమ్మకంతో రాసినవి. అక్కడ, కొత్త గిట్ ఉంటే, ఆదేశానికి ‘--డిఫాల్ట్-ప్రిఫిక్స్’ జోడించండి. మీ సెట్టింగు ఏదైనా స్క్రిప్టుకు పాత గుర్తులే అందుతాయి.