వేడెక్కితే ఆగుతోంది: పాత బుల్లెట్ మీద అరకు, పాడేరు, లంబసింగి

అరకు ఘాట్‌లో టైడా దాటి రెండు మలుపులు ఎక్కామో లేదో బండి మళ్లీ ముక్కడం మొదలుపెట్టింది. థర్డ్ నుంచి సెకండ్‌కి, సెకండ్ నుంచి ఫస్ట్‌కి దించాను. సైలెన్సర్‌లోంచి ఠప్ ఠప్‌మని రెండు పేలుళ్లు, ఆ తర్వాత చప్పుడు లేదు. వెనకాలే వస్తున్న మా బావమరిది తన కొత్త బండి పక్కన ఆపి, హెల్మెట్ కూడా తీయకుండా "బావా, ఇది నాలుగోసారి" అన్నాడు. నేను లెక్కపెట్టడం మానేసి చాలాసేపయింది.

ఈ బండి మా పెదనాన్నది. 1986 బుల్లెట్ స్టాండర్డ్, 350. పాత కాస్ట్ ఐరన్ ఇంజన్, కుడి కాలికి గేర్లు, ఎడమ కాలికి బ్రేకు. ఆయన పోయాక గాజువాక ఇంట్లో మెట్ల కింద గోనెపట్టా కప్పుకుని ఆరేళ్లు పడి ఉంది. "నువ్వైనా తిప్పుతావని" అంటూ పెద్దమ్మ తాళం నా చేతిలో పెట్టింది. అప్పటిదాకా నేను నడిపినవన్నీ బటన్ నొక్కితే స్టార్టయ్యే బళ్లు. ఇంజన్లో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్ విప్పడం కూడా రాదు. బ్యాటరీ, టైర్లు, ఆయిల్, పెట్రోల్ పైపు మార్పించి పదిహేను రోజులు ఊళ్లో తిప్పాను. ఏ ఇబ్బందీ రాలేదు. దాంతో డిసెంబర్‌లో నాలుగు రోజుల టూర్ వేసుకున్నాం. ఎస్.కోట మీదుగా అరకు, అక్కణ్నుంచి పాడేరు, చింతపల్లి, లంబసింగి, చివరికి నర్సీపట్నం దిగి ఇల్లు.

ఊళ్లో పదిహేను రోజులు తిప్పానన్నాను గానీ, ఒక్కసారి కూడా ఏకబిగిన అరగంట మించి తిప్పలేదు. తిరకాసంతా అక్కడే ఉంది. అది తెలియడానికి నాకు రెండు రోజులు పట్టింది.

మొదటిసారి ఆగింది ఎస్.కోట ఇంకో నాలుగైదు కిలోమీటర్లుందనగా. రోడ్డు పక్కన టీ కొట్టు కనపడింది. టీ తాగి, పావుగంట కూర్చుని కిక్ కొడితే ఒక్క దెబ్బకి లేచింది. ఏదో నలక అడ్డం పడి ఉంటుందిలే అనుకున్నాం. ఊళ్లోకి వెళ్లాక మళ్లీ ఆగింది. ఈసారి మెకానిక్ షాపు దాకా తోసుకెళ్లాం. అక్కడి కుర్రాడు చూసీ చూడగానే "కార్బురేటర్ క్లీన్ చేయాలి సార్" అన్నాడు. పెట్రోల్‌ని గాలితో కలిపే ఆ భాగాన్ని విప్పాడు, పెట్రోల్ వచ్చే సన్న రంధ్రం, అదే జెట్‌లోకి గాలి కొట్టాడు, ఫ్లోట్ గిన్నెలో అడుగున చేరిన ఎర్రటి తుప్పు పొడి చూపించాడు. ఆ పొడి చూశాక నాకూ నమ్మకం కుదిరింది. ట్యాంకు పాతది, తుప్పు ఉంటుంది కదా! ప్లగ్ విప్పి సిలిండర్ రెక్కలకి ఆనించి కిక్ కొడితే నీలం నిప్పురవ్వ టిక్కుమంది. కరెంటు బాగానే ఉందన్నాడు. 600 తీసుకున్నాడు. ఆ పనికి అది ఎక్కువేం కాదు. కాకపోతే బండికి అవసరమైన పని అది కాదు. అతనితో పాటు నేనూ అప్పుడు గమనించని సంగతి ఒకటుంది. తోసుకుని వచ్చి, విప్పి, కడిగి, బిగించేసరికి ముప్పావుగంట గడిచింది. అంటే మేం చూసింది చల్లారిన బండి నిప్పురవ్వని.

బొడ్డవర దాటాక ఘాట్ మొదలవుతుంది. ఎక్కుడు రోడ్డు, బరువు, తక్కువ గేరు. ఇంజన్ త్వరగా వేడెక్కుతుంది, ఆగడం కూడా త్వరగా ఆగుతుంది. ఆగిన ప్రతిసారీ మా బావమరిది ఫోన్‌లో ఒక వీడియో చూసి ఒక వైద్యం చెప్పేవాడు. పెట్రోల్ ట్యాంకు మూతకి గాలిరంధ్రం పూడుకుపోతే లోపల గాలి చొరబడక పెట్రోల్ దిగదట. అలాంటప్పుడు మూత తీయగానే బుస్సుమని బండి లేస్తుందట. మూత తీశాం. బుస్సూ లేదు, లేవనూ లేదు. పెట్రోల్ పైపు పీకి చూస్తే ధార చక్కగా వస్తోంది. ఎత్తు మీద గాలి పలచబడి పెట్రోల్ ఎక్కువవుతోందేమో అన్నాడు. అరకు సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల పైమాటే, నిజమే. కానీ బండి ఎస్.కోటలో కూడా ఆగింది, అక్కడ ఎత్తేముంది?

అయితే ఒక మాట చెప్పాలి. బండి మంచిదైతే ఈ ఘాట్‌ని నేను గంటలో దాటేసేవాణ్ని. ఆగడం వల్ల అనంతగిరి కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకి పాకిన మిరియాల తీగలు చూశాను, రాలిన కాఫీ పండు కొరికి చూశాను (తియ్యగా, జిగటగా ఉంది, కాఫీ వాసన మచ్చుకైనా లేదు). గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర చక్కటి సిమెంటు చదును ఉంది, స్టాండు గట్టిగా నిలబడుతుంది, మొక్కజొన్న పొత్తులు, వెదురు కప్పుల్లో టీ దొరుకుతాయి. బొర్రా గుహలకి మాత్రం వెళ్లలేదు. పక్కదారి దిగి మళ్లీ ఎక్కాలంటే భయం వేసింది. గుహలే చూడాలనుకుంటే వైజాగ్ నుంచి కిరండూల్ రైలెక్కి బొర్రాలో దిగడం మేలు. సొరంగాలు దాటుకుంటూ వెళ్లే ఆ ప్రయాణమే సగం ఆనందం.

అరకులో టూరిజం వాళ్ల హోటళ్లు మయూరి, హరిత డిసెంబర్ శని, ఆదివారాల్లో కావాలంటే చాలా ముందే బుక్ చేసుకోవాలి. మేం చేసుకోలేదు. స్టేషన్ వైపు ఒక లాడ్జిలో 1800కి గది దొరికింది. ఫోటోలో కనిపించిన బాల్కనీ ఉంది గానీ తలుపుకి తాళం వేసి ఉంది. వేడినీళ్లు ఉదయం ఆరు నుంచి ఎనిమిది దాకా బకెట్‌తో ఇస్తామన్నారు, ఏడున్నరకే అయిపోయాయన్నారు. అదంతా సర్దుకోవచ్చు. బండి పెట్టుకోవడానికి చోటే లేదు. రోడ్డు వారన, మంచులో వదిలేయాల్సి వచ్చింది. పొద్దున్నకి సీటు మీద నీళ్లు ధారకట్టాయి, ఇంజన్ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంది.

రాత్రి బొంగులో చికెన్ తిన్నాం. రోడ్డు పక్కన నిప్పుల్లోంచి వెదురు బొంగు తీసి, చీల్చి, అడ్డాకులో గుమ్మరించి ఇస్తారు. నూనె లేదంటారు, ముక్క మెత్తగా ఉంది, కారం మాత్రం అసలు అరకుదా మన కోసం పెంచిందా అని అనుమానం.

పాత బుల్లెట్‌ని చలిలో లేపడం ఒక తంతు. సిలిండర్లో ఒత్తిడి వదిలించే డీకంప్రెషర్ లీవర్ పట్టుకుని కిక్‌ని మెల్లగా నొక్కుతూ హెడ్‌లైట్ డూమ్ మీదున్న, కరెంటు చూపించే అమ్మీటర్ ముల్లుని చూడాలి. లోపల పాయింట్లు (కరెంటుని కలిపి తెంపే రెండు లోహపు బిళ్లలు) కలుసుకుని ఉంటే ముల్లు ఎడమకి వాలుతుంది, విడిపోగానే మధ్యకి వస్తుంది. మధ్యకి వచ్చాక కాస్త జరిపి లీవర్ వదిలి, అప్పుడు నిండుగా కొట్టాలి. అది చూసుకోకుండా కొడితే కిక్ ఎదురు తన్ని పిక్క మీద కమిలిపోయేట్టు కొడుతుంది. నాకా అనుభవం ఎస్.కోటలోనే అయింది. ఆ పొద్దున లాడ్జి వంటాయన చెప్పినట్టు ప్లగ్ విప్పి పొయ్యి పక్కన రెండు నిమిషాలు వెచ్చబెట్టి బిగించాను. మూడో కిక్‌కి లేచింది.

అంతకుముందు సాయంత్రం అరకులో రెండో మెకానిక్ ఇంజన్ చప్పుడు విని, తల అడ్డంగా ఆడించి "బోరు పోయింది, ఇంజన్ దించాలి, పదిహేను వేలు" అన్నాడు. ఒక్క నట్టు విప్పకుండానే. ఆ రాత్రి నాకు టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. తెల్లారాక మాత్రం ఒక ఆలోచన తట్టింది. బోరు పోతే, అంటే సిలిండర్ లోపల అరిగిపోతే, పొగ రావాలి, ఆయిల్ తగ్గాలి, చల్లగా ఉన్నప్పుడూ లాగకూడదు. ఇది మొదటి అరగంట గుర్రంలా పోతోంది కదా!

అరకు నుంచి పాడేరు 45 కిలోమీటర్లు. డుంబ్రిగుడ, హుకుంపేట మీదుగా దారి. రోడ్డుకి అటూ ఇటూ వలిసె పూలు చివరి దశలో ఉన్నాయి, అయినా కొన్ని మళ్లు పసుపు ఆరబోసినట్టే ఉన్నాయి. చాపరాయి దగ్గర బండిని కావాలనే చల్లార్చి, ఆ గంటా నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాం. పేరుకి జలపాతమంటారు గానీ అది వెడల్పాటి రాతిపలక మీద జారే వాగు. రాయి నాచు పట్టి జారుతుంది, పిల్లలతో జాగ్రత్త.

పాడేరులో మోదకొండమ్మ గుడికి పోయే దారిలో ఒక రేకుల షెడ్డు. ముందు రెండు పాత బుల్లెట్లు, ఒక రాజ్‌దూత్ డొక్కు. లోపల ఒక ముసలాయన. నేను కార్బురేటర్, మూత, బోరు అంటూ కథంతా చెప్పాను. చివరిదాకా విని ఒకటే అడిగాడు.

"ఆగిపోనాక ఎంతసేపటికి లేస్తంది బాబూ?"

"పదిహేను, ఇరవై నిమిషాలకండి."

"ఆగీ ఆగగానే ప్లగ్ తీసి సూసినారా?"

చూడలేదు. ఆగగానే టీ కొట్టు వెతుక్కోవడం, కూర్చోవడం, తర్వాత చూడటం.

"సల్లారినాక సూత్తే ఏటి తెలుస్తాది? జొరం తగ్గినాక డాట్రు కాడికెళ్లినట్టు."

నన్ను వెనక కూర్చోబెట్టుకుని బండి తీశాడు. చింతపల్లి రోడ్డులో అటూ ఇటూ తిప్పి, కావాలనే తక్కువ గేర్లో లాగించి, అరగంటకి ఆపించాడు. ఆగిన చోటే దిగి, చేతికి గుడ్డ చుట్టుకుని కాలిపోతున్న ప్లగ్ విప్పాడు. సిలిండర్‌కి ఆనించి నన్ను కిక్ కొట్టమన్నాడు. ఎస్.కోటలో టిక్కుమన్న నీలం నిప్పురవ్వ ఇప్పుడు లేదు. పల్చటి పసుపు రంగు, అదీ ఒక కిక్‌కి వస్తే ఇంకో కిక్‌కి లేదు. తర్వాత ఇంజన్ కుడివైపున్న చిన్న గుండ్రటి మూత స్క్రూలు తీశాడు. లోపల పాయింట్లు. తన చొక్కా నీడ పట్టి "ఇప్పుడు కొట్టండి, ఇక్కడ సూడండి" అన్నాడు. కిక్ నొక్కుతుంటే ఆ రెండు చిన్న లోహపు బిళ్లలు విడిపోయేచోట పెద్ద మెరుపు, చిటపటమని. ప్లగ్ దగ్గర ఉండాల్సిన నిప్పు ఇక్కడ మండుతోంది.

కండెన్సర్ పోయింది. వేలి కొసంత డబ్బా. పాయింట్లు విడిపోయే క్షణంలో అక్కడ కరెంటు ఎగిసి మండకుండా అది తాగేస్తుంది. అలా ఠక్కున తెగితేనే చుట్టిన తీగల కాయిల్లో గట్టి వోల్టేజీ పుట్టి ప్లగ్‌కి వెళుతుంది. ఇంజన్ వేడికి కండెన్సర్ లోపలి పొర దెబ్బతింటే వేడెక్కినప్పుడు పనిచేయదు, చల్లారితే మళ్లీ మంచిపిల్లలా ఉంటుంది. మెరిసి మెరిసి పాయింట్ల మొహం కూడా ఒకవైపు గుంట పడి, ఇంకోవైపు బొడిపె లేచింది.

షెడ్డుకి వచ్చాక కొత్త పాయింట్లు వేసి, సందు కొలిచే ఫీలర్ గేజ్ రేకు పెట్టి 0.4 మిల్లీమీటర్ల సందు ఉంచాడు. కొత్త కండెన్సర్‌ని పాత చోట వేయలేదు. వైరు పొడిగించి పైకి, ట్యాంకు కింద కాయిల్ పక్కన బిగించాడు. "కింద సెగ కొడతాది" అన్నాడు. సామాన్లు 400, కూలి 200. పాత కండెన్సర్ ఇమ్మని అడిగి జేబులో వేసుకున్నాను. కార్బురేటర్ కూడా చూడమంటే వద్దన్నాడు. "ఒకటి మార్సినాక తిప్పి సూడాల. రెండూ ఒకేసారి కెలికితే ఏది కుదిరిందో మీకూ తెల్దు, నాకూ తెల్దు."

ఆ రాత్రి పాడేరులోనే ఉన్నాం. కిందంతా కొట్లు, పైన గదులు. 900. కిటికీ తెరిస్తే ఎదుటి గోడ. కానీ యజమాని రాత్రి పదికి ఇనుప షట్టర్ ఎత్తి "బండి లోపల పెట్టేయండి బాబూ" అన్నాడు. ఈ టూర్ మొత్తంలో నాకు నచ్చిన బస అదే. తెల్లవారుజామున నాలుగింటికి వంజంగి కొండకి బయల్దేరాం. కింద బండి పెట్టి పైకి నడవాలి. మబ్బులు కాళ్ల కింద పరుచుకుంటాయి, అది నిజం. మా ముందు ఇంకో మూడొందల మంది సెల్ఫీ కర్రలతో ఉన్నారు, అదీ నిజమే. వారం మధ్యలో వెళ్లండి.

పాడేరు నుంచి జి.మాడుగుల మీదుగా చింతపల్లి దాకా బండి ఆగలేదు. నేనే ఆపాను. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసింది చింతపల్లి పోలీస్ స్టేషన్ మీదే. ఊళ్లో టీ తాగుతూ, ఇంజన్ ఆపకుండా పావుగంట ఉంచి చూశాం. డుగ్ డుగ్ డుగ్.

లంబసింగిలో టెంట్ ఇద్దరికీ కలిపి 1500. చలి సంగతి విన్నదానికి తక్కువేం లేదు, రెండు రగ్గులు చాల్లేదు. టెంట్లు వేసింది వాలు నేల మీద. సెంటర్ స్టాండ్ కింద రాయి పెట్టి, రాత్రి రెండుసార్లు లేచి పడిపోలేదు కదా అని చూసుకున్నాను. పాతిక మందికి రెండు బాత్రూములు. తాజంగి రిజర్వాయర్ పొద్దున పొగమంచులో బాగుంటుంది. దాని కోసమైతే తెల్లవారుజామున నర్సీపట్నం నుంచి ఎక్కి రావడమే నయం, రాత్రి అక్కడ వణకాల్సిన పని లేదు. కాకపోతే నాలాంటి హెడ్‌లైటుతో వద్దు. అది కొవ్వొత్తి.

నర్సీపట్నం ఘాట్ దిగేటప్పుడు మా బావమరిది కాసేపు నేను నడుపుతానన్నాడు. మొదటి మలుపులో బ్రేకనుకుని కుడి కాలితో గేరు తొక్కాడు. మర్యాదగా నా బండి నాకిచ్చేశాడు.

ఇల్లు చేరేదాకా ఒక్కసారీ ఆగలేదు. పెద్దమ్మ ఆ పాత కండెన్సర్‌ని తిప్పి తిప్పి చూసి "దీనికా ఇంత?" అంది. స్లోలో ఉన్నప్పుడు మాత్రం ఇప్పటికీ ఒక్కోసారి మిస్ కొడుతోంది. కార్బురేటర్ అనిపిస్తోంది గానీ, ఈసారి ఆదివారం బండిని బాగా వేడెక్కించి, మిస్ కొడుతుండగానే ఆపి ప్లగ్ తీసి చూశాకే చెబుతాను.