ఇన్ రాక్, మెషిన్ హెడ్: ముందు ఏది వినాలి?

బ్రిటిష్ రాక్ బృందం డీప్ పర్పుల్‌ని కొత్తగా వినేవాళ్లకి నేను 1972లో వచ్చిన మెషిన్ హెడ్ ఆల్బమ్‌నే ముందు చెబుతాను. 1970 నాటి ఇన్ రాక్ ఆల్బమ్ దానికంటే మొరటుగా, వేడిగా ఉంటుంది. అందులో ‘చైల్డ్ ఇన్ టైమ్’ పాట పది నిమిషాలు దాటుతుంది. జాన్ లార్డ్ ఆర్గన్ మెల్లగా మొదలవుతుంది. గాయకుడు ఇయన్ గిలన్ గొంతు మెట్టు మెట్టుగా ఎక్కి చివరికి కేకగా మారుతుంది. ఎన్నిసార్లు విన్నా అక్కడ నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది.

మెషిన్ హెడ్‌లో పాటలు బిగువుగా, సూటిగా సాగుతాయి. దాని పుట్టుకే ఒక కథ. 1971 డిసెంబరులో స్విట్జర్లాండ్‌లోని మాంత్రోలో, వాళ్లు రికార్డింగ్ పెట్టుకుందామనుకున్న కేసినో అమెరికన్ రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జప్పా కచేరీ జరుగుతుండగానే కాలిపోయింది. చివరికి ఖాళీగా ఉన్న ఒక హోటల్ కారిడార్లలో పరుపులు అడ్డం పెట్టుకుని వాయించారు. సరస్సు మీద కమ్ముకున్న ఆ పొగే ‘స్మోక్ ఆన్ ద వాటర్’ పాట అయింది. ఆ పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ రిఫ్‌ని గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్ పిక్ (తీగలు మీటే చిన్న బిళ్ల) లేకుండా, రెండేసి తీగలు కలిపి వేళ్లతో మీటుతాడు. అందుకే రెండు స్వరాలూ ఒక్కసారే పలుకుతాయి. గిటార్ నేర్చుకునేవాళ్లకి ఇదే మంచి మొదలు.

నా మనసు మాత్రం ఇన్ రాక్ వైపే. మెషిన్ హెడ్ బాగా అలవాటయ్యాక, ఒక రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఇన్ రాక్ వినండి.