బ్లూటూత్, వైఫై, వైరు: మా హాల్లో మూడూ విన్నాక

హైఫైకి వైరు మంచిదా, వైర్‌లెస్ మంచిదా అని తెలిసినవాళ్లు అడుగుతుంటారు. ఆ ప్రశ్నకి ఒక్క ముక్కలో జవాబు చెప్పడం కుదరదు. వైర్‌లెస్ అనే పేరు కింద బ్లూటూత్, వైఫై రెండూ వస్తాయి, ఆ రెండూ పాటని మోసే తీరు పూర్తిగా వేరు. వైఫై మీద వచ్చిన పాటకీ, వైరులో వచ్చిన పాటకీ మా ఇంట్లో ఎవరమూ తేడా పట్టలేకపోయాం. బ్లూటూత్‌లో తేడా ఉంది. అది అన్ని పాటల్లోనూ వినబడదు కానీ, వినబడే చోట మాత్రం స్పష్టంగా తెలుస్తుంది.

ముందు సామాను సంగతి. తిరుపతి ఎం.ఆర్.పల్లిలో అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. హాల్లో యమహా ఏ-ఎస్301 ఆంప్లిఫైయర్, దానికి 8 ఓమ్‌ల బుక్‌షెల్ఫ్ స్పీకర్లు రెండు. ఈ ఆంప్‌లో బ్లూటూత్ లేదు, వెలుతురు రూపంలో సిగ్నల్ తీసుకునే ఆప్టికల్ ఇన్‌పుట్ ఉంది. సీడీ ప్లేయర్‌ని మామూలు ఆర్‌సీఏ వైరుతో కలిపాను. ఫోన్ కోసం చిన్న బ్లూటూత్ రిసీవర్, హార్డ్‌డిస్క్‌లో ఉన్న పాటల కోసం వాటిని వైఫై మీద తెచ్చి ఆంప్‌కి ఇచ్చే స్ట్రీమర్ పెట్టాను. ఏళ్ల తరబడి ఈ మూడు దారుల్లోనూ వింటున్నాం.

మేం వినేది ఎక్కువగా కర్ణాటక సంగీతం, అన్నమయ్య కీర్తనలు. మా అమ్మాయి ఎస్వీ సంగీత నృత్య కళాశాలలో వీణ నేర్చుకుంటోంది. సాయంత్రం ఇదే హాల్లో కూర్చుని సాధన చేస్తుంది. తీగ మీటాక నాదం ఎంతసేపు నిలుస్తుందో, మెట్ల మీద వేలు జరిగినప్పుడు ఎంత సన్నటి చప్పుడు వస్తుందో మా అందరి చెవులకీ తెలుసు. స్పీకర్లో వచ్చే వీణని పక్కన పెట్టి పోల్చడానికి అసలు వీణ అదే గదిలో ఉండటం మాకు చాలా పనికొచ్చింది.

బ్లూటూత్‌తో మొదలుపెడతాను. సీడీలో శబ్దాన్ని సెకనుకి 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతని 16 బిట్లలో రాస్తారు. రెండు చానెళ్లకీ కలిపి సెకనుకి సుమారు 1,411 కిలోబిట్లు. బ్లూటూత్ ఆడియో పరికరాల్లో దాదాపు అన్నిటిలోనూ ఉండే ఎస్‌బీసీ కోడెక్ (పాటని కుదించి పంపే పద్ధతి) మంచి సెట్టింగ్‌లో కూడా మామూలుగా 328 కిలోబిట్ల దగ్గర ఆగుతుంది. అంటే నాలుగో వంతు కంటే తక్కువ. చెవికి అందదనుకున్న వివరాన్ని తగ్గించి, మిగతాది పంపిస్తుంది. పైగా యాప్‌లో వచ్చే పాట చాలాసార్లు అప్పటికే కుదించినది. ఫోన్ దాన్ని విప్పి, బ్లూటూత్ కోసం మళ్లీ కుదిస్తుంది. రెండుసార్లు వడగట్టిన పాట మనకి చేరుతుంది.

ఇంత పోయినా గాత్రం దాదాపు చెక్కుచెదరదు. సాహిత్యంలో మాట, గమకం, మృదంగం దెబ్బ అన్నీ బాగానే వస్తాయి. నాదస్వరం, డోలు అయితే నాకు తేడానే తెలియలేదు. తేడా బయటపడేది తంబూరాలోనూ, తాళాల్లోనూ. భజన పద్ధతిలో పాడిన కీర్తనల్లో తాళాలు మోగినప్పుడు సీడీలో ఒక్కో దెబ్బా విడిగా మొదలై, గింగురుమంటూ సన్నగా సాగి ఆగుతుంది. ఎస్‌బీసీలో ఆ చివర కాస్త ఇసుక రాలినట్టు వినిపిస్తుంది. తంబూరాలో జీవ (తీగ కింద పెట్టే దారం) తీసే ఆ తేనెటీగల రొద లాంటి పై స్వరాలు కొంచెం పొడిబారతాయి. వంటింట్లో పని చేసుకుంటూ వినేవాళ్లకి ఇది పట్టదు. ఎదురుగా కూర్చుని, కళ్లు మూసుకుని వింటే పడుతుంది.

ఇది నా ఊహేమో అన్న అనుమానం ఎవరికైనా రావాలి, నాకూ వచ్చింది. అందుకే మా బావమరిది చెన్నై నుంచి వచ్చినప్పుడు పరీక్ష పెట్టుకున్నాం. ఇక్కడ ముఖ్యమైనది వాల్యూమ్ సమానం చేయడం. కొంచెం గట్టిగా మోగిందే బాగున్నట్టు అనిపించడం మనిషి చెవి స్వభావం. మా బ్లూటూత్ రిసీవర్ నుంచి వచ్చే వోల్టేజి సీడీ ప్లేయర్ ఇచ్చేంత ఉండదు. 100 హెర్ట్జ్ టెస్ట్ టోన్ పెట్టి, స్పీకర్ టెర్మినల్స్ దగ్గర మల్టీమీటర్‌తో ఏసీ వోల్ట్‌లు చూసి, మూడు దారులకీ వాల్యూమ్ ఎక్కడ పెట్టాలో గుర్తు పెట్టుకున్నాం. చవక మల్టీమీటర్లు ఎక్కువ ఫ్రీక్వెన్సీలో తప్పు చూపిస్తాయి, అందుకే 100 దగ్గర కొలవడం. వింటున్న ఇద్దరూ, అంటే మా అమ్మాయీ బావమరిదీ, ఆంప్‌కి వీపు పెట్టి కూర్చున్నారు, నేను చెప్పకుండా ఇన్‌పుట్ మార్చాను.

తంబూరా ఉన్న రికార్డింగ్ పెట్టగానే అమ్మాయి "నాన్నా, ఇది బ్లూటూత్. శ్రుతి పొడిగా ఉంది" అంది. దాదాపు ప్రతిసారీ సరిగ్గానే చెప్పింది. "బావా, నాకు రెండూ ఒకటే" అన్నాడు వాడు. తాళాలున్న కీర్తన పెట్టాక మాత్రం వాడూ పట్టాడు. సీడీని, అదే సీడీ నుంచి ఫ్లాక్ అనే రకం ఫైలుగా తీసి స్ట్రీమర్‌లో పెట్టిన పాటని మార్చి మార్చి వినిపిస్తే ఇద్దరూ ఊహించి చెప్పడం మొదలుపెట్టారు. తర్వాత వాళ్లు మార్చారు, నేను విన్నాను. నాకూ తెలియలేదు.

వైఫైలో తేడా ఎందుకు రాదో తెలిస్తే ఇందులో మాయేమీ లేదని అర్థమవుతుంది. ఫ్లాక్ ఫైలు కుదించినదే అయినా విప్పితే సీడీలో ఉన్న బిట్లు ఉన్నట్టుగా తిరిగి వస్తాయి. వైఫై ఆ ఫైలుని ముక్కలుగా పంపుతుంది. ఏదైనా ముక్క దారిలో పోతే స్ట్రీమర్ మళ్లీ అడిగి తెప్పించుకుంటుంది. ఈలోగా పాట ఆగకుండా కొన్ని సెకన్ల సరుకు ముందే నిల్వ ఉంటుంది. సిగ్నల్ బాగా దెబ్బతింటే పాట ఆగిపోతుంది కానీ నాణ్యత తగ్గి మోగదు. బ్లూటూత్‌కి అంత నిల్వ ఉండదు. పోయిన ముక్కని తెప్పించుకునే వ్యవధి తక్కువ కాబట్టి మధ్యలో టక్కుమని తెగుతుంది.

అపార్ట్‌మెంట్లలో ఈ తెగడం మామూలే. బ్లూటూత్ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో. చుట్టుపక్కల ఫ్లాట్ల రౌటర్లు చాలావరకు అక్కడే ఉంటాయి, మైక్రోవేవ్ ఓవెన్ కూడా 2.45 దగ్గరే పనిచేస్తుంది. ఈ గుంపులోంచి తప్పించుకోవడానికి బ్లూటూత్ 79 చానెళ్ల మధ్య సెకనుకి 1,600 సార్ల దాకా గెంతుతుంది. ఆ ఏర్పాటు గొప్పదే. అయినా ఫోన్ ప్యాంటు జేబులో పెట్టుకుని అటు తిరిగి నిలబడితే ఒంట్లో ఉన్న నీరే ఆ తరంగాలని పీల్చేస్తుంది. ఫోన్‌ని రిసీవర్‌కి ఎదురుగా బల్ల మీద పెట్టడం మొదలుపెట్టాక మాకు ఆ బాధ బాగా తగ్గింది. వైఫై స్ట్రీమర్‌ని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చాక దాంతో ఏ ఇబ్బందీ రాలేదు. గోడలు అడ్డమైతే మాత్రం 5 గిగాహెర్ట్జ్ త్వరగా నీరసపడుతుంది, రౌటర్ హాల్లోనే ఉండాలి.

సోనీ తయారు చేసిన ఎల్‌డాక్ కోడెక్ గురించి ఒక మాట. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి ఇది ఫోన్లలోకి వచ్చింది. 330, 660, 990 కిలోబిట్లు అని మూడు మెట్లు. 990 దగ్గర తంబూరా చాలా వరకు నిండుగా వస్తుంది. కానీ చాలా ఫోన్లలో మొదట ఉండే ఆటో సెట్టింగ్‌లో, సిగ్నల్ కాస్త తగ్గితే మెట్టు కిందికి దిగుతుంది. రిసీవర్‌కి కూడా ఎల్‌డాక్ ఉండాలి. ఐఫోన్‌లో అసలు ఎల్‌డాక్ లేదు, అక్కడ ఏఏసీ అనే కోడెక్. ఐఫోన్ ఉన్నవాళ్లు బ్లూటూత్ వదిలి, వైఫై మీద పాట పంపే యాపిల్ వారి ఎయిర్‌ప్లే వాడుకోవడం మేలు.

ఇక వైరు. దీన్ని మెచ్చుకోవడానికి నాకున్న పెద్ద కారణం నాణ్యత కాదు, నిలకడ. జత చేయడం, అప్‌డేట్, పాస్‌వర్డ్ ఏదీ ఉండదు. సీడీ పెడితే పాడుతుంది. అయితే వైరు తెచ్చే తిప్పలూ ఉన్నాయి. టీవీని ఆర్‌సీఏ వైరుతో ఆంప్‌కి కలిపినప్పుడు స్పీకర్లలో సన్నగా, ఎడతెగని హమ్ వచ్చేది. కేబుల్ టీవీ వైరు పీకేస్తే ఆగేది. కేబుల్ ఎర్త్ వేరు, ఇంటి ఎర్త్ వేరు కావడంతో వాటి మధ్య 50 హెర్ట్జ్ కరెంటు సిగ్నల్ వైరు మీదుగా తిరుగుతుంది. టీవీ నుంచి ఆప్టికల్ కేబుల్ వేశాక అది పూర్తిగా పోయింది. ఆప్టికల్‌లో వెళ్లేది వెలుతురే కాబట్టి కరెంటుకి దారే ఉండదు. ఈ ఒక్క విషయంలో వైర్‌లెస్‌కి పుట్టుకతోనే లాభం ఉంది, హమ్ రావడానికి కలిపే తీగే లేదు.

టీవీకి బ్లూటూత్ మాత్రం వద్దు. శబ్దం సెకనులో ఐదో వంతు దాకా వెనకబడుతుంది. ఎస్వీబీసీలో కచేరీ చూస్తుంటే మృదంగం మీద చెయ్యి పడ్డాక దెబ్బ వినిపిస్తుంది.

స్పీకర్ వైరుకి వేల రూపాయలు పోయాల్సిన పని లేదు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకి మీటరుకి సుమారు 0.012 ఓమ్ నిరోధం. స్పీకర్ 4 మీటర్ల దూరంలో ఉంటే రానూ పోనూ 8 మీటర్లు, మొత్తం 0.1 ఓమ్. 8 ఓమ్‌ల స్పీకర్ ముందు అది లెక్కలోకి రాదు. చూడాల్సిందల్లా అది నిజంగా రాగేనా అని. అల్యూమినియం మీద రాగి పూసిన వైరుని రాగి వైరు ధరకి అమ్మేవాళ్లున్నారు. ఒక పోగు తీసి బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనబడుతుంది. ఎరుపు, నలుపు రెండు స్పీకర్లకీ ఒకేలా కలపాలి. ఒకదానికి తిరగబడితే మృదంగంలో తొప్పి (ఎడమ వైపు) మోత బాగా తగ్గిపోతుంది. పాత ఇళ్లలో ఎలుకలు వైర్లు కొరుకుతాయి, గోడ వెంట పీవీసీ కేసింగ్‌లో వేయించుకోవడం మంచిది.

పడగ్గదిలో కొన్నాళ్లు వైర్‌లెస్ స్పీకర్ల జత వాడాం. కంపెనీ పేరు చెప్పను. శబ్దం బాగుండేది. కానీ ఒక్కో స్పీకర్‌కి ఒక్కో ప్లగ్గు కావాలి, అంటే వైర్లు తగ్గలేదు, చోటు మారాయి. కుడి, ఎడమ స్పీకర్లు అప్పుడప్పుడు ఒకదానికొకటి అందకుండా పోయేవి. చివరికి ఆ యాప్ మా పాత ఫోన్‌లో పనిచేయడం మానేసింది. స్పీకర్లకి ఏ లోపమూ లేకుండానే మూల పడ్డాయి. మామూలు స్పీకర్లకి ఈ గతి పట్టదు. వైర్‌లెస్ కొనేవాళ్లు స్పీకర్లోనే అన్నీ ఉన్నదాని కంటే, ఆంప్‌కి విడిగా తగిలించే స్ట్రీమర్ తీసుకోండి. పాతబడితే ఆ చిన్న డబ్బా ఒక్కటి మారుస్తే చాలు.

కోడెక్‌లన్నిటి కంటే ఎక్కువ తేడా తెచ్చింది మా హాలే. నేల టైల్స్, గోడలు నున్నగా ఉండటంతో శబ్దం తిరిగి కొట్టేది. స్పీకర్లని గోడ నుంచి రెండడుగులు ముందుకి జరిపి, మధ్యలో జంపఖానా పరిచి, వెనక మందపాటి పరదా వేశాక గాత్రం రెండు స్పీకర్ల నడుమ నిలబడింది. వైరు మార్చినప్పుడు ఇందులో పదో వంతు మార్పు కూడా వినలేదు.

రికార్డింగ్ కూడా అంతే. అన్నమయ్య కీర్తనల గాయకులు గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు 2025 మార్చిలో కన్నుమూశాక ఆయన పాడినవి మా ఇంట్లో మరీ ఎక్కువగా మోగుతున్నాయి. ఎవరో క్యాసెట్ నుంచి తీసి యూట్యూబ్‌లో పెట్టిన కీర్తనలు కొన్ని ఉన్నాయి. వాటిని వైరులో విన్నా, బ్లూటూత్‌లో విన్నా నాకు ఒకటే, టేపు హిస్ (సుయ్‌మనే చప్పుడు) రెండింట్లోనూ ఉంటుంది. ఆ గొంతు కోసం వింటాం. అదే గొంతు మంచి సీడీలో దొరికినప్పుడు మాత్రం బ్లూటూత్‌లో పెట్టాలనిపించదు.

తిరుపతిలో రెండు వ్యవస్థల్ని పక్కపక్కన పెట్టి తీరిగ్గా వినిపించే షాపు నాకు దొరకలేదు. కొనే ముందు స్నేహితుల దగ్గర బ్లూటూత్ రిసీవరో స్ట్రీమరో అడిగి తెచ్చుకుని ఇంట్లోనే వినండి. తంబూరా, తాళాలు రెండూ బాగా వినిపించే సీడీ ఒకటి ఎంచుకుని, వాల్యూమ్ సమానం చేసి, ఏది మోగుతోందో మీకు చెప్పకుండా ఇంకొకరిని మార్చమనండి. పిల్లలని కూడా కూర్చోబెట్టండి, పై స్వరాలు మనకంటే వాళ్లకే బాగా వినబడతాయి.