పాకెట్ ట్రేసర్‌తో తొమ్మిదో తరగతి: ఒక టెలికం రిటైరీ రివ్యూ

హైస్కూలు పిల్లలకు నెట్‌వర్కింగ్ నేర్పాలనుకునేవాళ్ళు డబ్బు పెట్టి ఏ కిట్టూ కొనకముందే నెట్‌వర్క్ పరికరాలు తయారుచేసే సిస్కో కంపెనీ వాళ్ళ పాకెట్ ట్రేసర్ ఒకసారి వేసుకుని చూడండి. కంప్యూటర్ నెట్‌వర్క్‌ను తెర మీదే కట్టి నడిపించే సాఫ్ట్‌వేర్ ఇది. ఉచితం. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీ సైట్‌లో ఈమెయిల్‌తో ఖాతా తెరిస్తే దొరుకుతుంది. విండోస్, ఉబుంటు, మాక్ మూడింటి మీదా నడుస్తుంది. నేనిచ్చే మార్కులు ఐదుకు నాలుగు. పోయిన ఆ ఒక్క మార్కు సైబర్ సెక్యూరిటీ దగ్గర పోయింది, ఆ సంగతి కింద చెబుతాను.

నా గురించి రెండు ముక్కలు. బీఎస్ఎన్ఎల్‌లో పనిచేసి, 2020 జనవరి 31న వేలమందితో పాటు వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) మీద బయటికి వచ్చినవాణ్ణి. సర్వీసంతా ఎక్స్ఛేంజీలు, కేబుల్ గుంతలు, ఇళ్ళకు ఫోన్ లైన్లు పంచే డీపీ బాక్సుల మధ్యే గడిచింది. ఇప్పుడు పాలకొల్లు దగ్గర మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో శనివారాలు తొమ్మిదో తరగతి పిల్లలకు నెట్‌వర్కింగ్, సైబర్ జాగ్రత్తలు చెబుతున్నాను. జీతం లేదు గానీ హెడ్మాస్టరు గారు టీ మాత్రం తప్పకుండా పంపిస్తారు. ల్యాబ్‌లో ఉన్నవన్నీ పాత డెస్క్‌టాప్‌లే, ఒక్కోదాని ముందు ముగ్గురేసి పిల్లలు. 4 జీబీ ర్యామ్ ఉన్నవాటి మీద కాస్త నెమ్మదిగానైనా పని అవుతుంది.

తెర మీదికి పీసీలు, ఒకచోటి కంప్యూటర్లను కలిపే స్విచ్‌లు, ఒక నెట్‌వర్క్‌ను ఇంకోదానితో కలిపే రూటర్లు, సర్వర్లు లాక్కుని, కేబుళ్ళు కలిపి, ఐపీ అడ్రసులు (నెట్‌వర్క్‌లో ఒక్కోదాని చిరునామా) ఇస్తే అవి నిజం పరికరాల్లాగే ప్రవర్తిస్తాయి. ఇలాంటి సిమ్యులేటర్లు ఇంకా ఉన్నాయి. కానీ పిల్లల విషయంలో దీన్ని కొట్టేది లేదు, ఎందుకంటే దీంట్లో సిమ్యులేషన్ మోడ్ ఉంది. ఆ మోడ్‌లో కాలం మన చేతిలో ఉంటుంది. బటన్ నొక్కినప్పుడల్లా ప్యాకెట్, అంటే పంపే సమాచారపు ముక్క, ఒక్క అడుగు వేస్తుంది. చిన్న కవరు బొమ్మ పీసీ నుంచి స్విచ్‌కి, అక్కడి నుంచి ఇంకో పీసీకి వెళుతుంటే కళ్ళారా చూడొచ్చు. కవరు మీద నొక్కితే లోపల ఏ లేయర్‌లో (పొరలో) ఏముందో విప్పి చూపిస్తుంది. ఎక్కడైనా తిరస్కరిస్తే ఎర్ర ఇంటూ గుర్తు పడుతుంది. నా సర్వీసులో ఫాల్ట్ ఎక్కడుందో తెలియాలంటే మీటర్ పట్టుకుని పిల్లర్ (రోడ్డు పక్క కేబుల్ పెట్టె) నుంచి డీపీ దాకా ఒక్కో జత తీగా వెతకాల్సి వచ్చేది. ఈ పిల్లలకు ఆ ఫాల్ట్ తానే వచ్చి కనబడుతోంది!

మొదటి పాఠానికి నాలుగు పీసీలు, ఒక స్విచ్ చాలు. ఒక పీసీ నుంచి ఇంకో పీసీకి పింగ్ ("ఉన్నావా?" అని అడిగే చిన్న ప్యాకెట్) పంపమంటాను. వెంటనే ఎవరో ఒకరు అడుగుతారు. మొన్న ఒకమ్మాయి అడిగింది:

"సార్, నేను ఒక్కరికే కదా పంపాను, కవరు ముగ్గురికీ ఎందుకు వెళ్ళింది?"

"నీ పీసీకి అవతలి పీసీ ఐపీ తెలుసమ్మా, దాని నెట్‌వర్క్ కార్డు నంబరు తెలీదు. అందుకని 'ఈ ఐపీ ఎవరిది?' అని ముందు అందరినీ అడిగింది."

"మరి మిగతావాళ్ళు జవాబివ్వరా?"

"మళ్ళీ నొక్కి నువ్వే చూడు."

నొక్కింది. రెండు పీసీలు కవరు పారేశాయి, ఒకటి జవాబిచ్చింది. రెండోసారి పింగ్ చేస్తే కవరు నేరుగా ఆ ఒక్కదానికే వెళ్ళింది. దీన్ని ఏఆర్‌పీ అంటారని ఆ తర్వాతే బోర్డు మీద రాశాను. పుస్తకంలో ముందు నిర్వచనం ఉంటుంది, బొమ్మ తర్వాత వస్తుంది. ఇక్కడ పిల్లలు చూసి, అడిగి, చివరికి పేరు రాసుకుంటారు. రూటర్ పెట్టిన వారం కూడా ఇదే జరుగుతుంది. రూటర్ అవతలికి నాలుగు పింగ్‌లు పంపితే తరచుగా మొదటిది టైమవుట్ అవుతుంది, మిగతా మూడూ వస్తాయి. పిల్లలు పాడైపోయిందనుకుంటారు. అవతలి కార్డు నంబరు కనుక్కునే లోపు రూటర్ ఆ మొదటి ప్యాకెట్‌ను వదిలేసిందని వాళ్ళకు వాళ్ళే పట్టుకోవాలి. ఏఆర్‌పీ పాఠం ఎక్కిన పిల్లలు పట్టుకుంటారు కూడా.

స్విచ్‌కి వైరు పెట్టగానే స్విచ్ వైపు గుర్తు అర నిమిషం నారింజ రంగులో ఉండి, అప్పుడు పచ్చగా మారుతుంది. కనెక్షన్లు చుట్టు తిరిగి లూప్ పడకుండా స్విచ్ చూసుకుంటుంది, పదిహేను సెకన్లు వింటుంది, పదిహేను సెకన్లు నేర్చుకుంటుంది. ఆ అర నిమిషానికే పిల్లలకు టెన్షన్, వైరు పీకి మళ్ళీ పెడతారు, లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. టైమ్ ముందుకు జరిపే బటన్ ఒకటి కింద ఉంది. మొదటి క్లాసులో దాని మాట ఎత్తకండి.

డీఎన్ఎస్ (సైటు పేరుకు ఐపీ వెతికిపెట్టేది) పాఠానికైతే దీనికి పూర్తి మార్కులు. ఒక సర్వర్‌లో వెబ్ పేజీ, ఇంకో సర్వర్‌లో డీఎన్ఎస్ పెట్టాలి. పీసీలో ఉన్న బొమ్మ బ్రౌజర్‌లో పేరు కొడితే పేజీ వస్తుంది. డీఎన్ఎస్ ఆఫ్ చేస్తే పేరుతో రాదు, ఐపీ కొడితే వస్తుంది. ఇంట్లో "నెట్ పోయింది" అనే మాట వెనక ఎన్ని రకాల పోవడాలున్నాయో ఆ రోజు అర్థమవుతుంది. పీసీలకు ఐపీలు పంచిపెట్టే డీహెచ్‌సీపీ ఆపేసి, పీసీ తనకు తానే పెట్టుకునే 169.254తో మొదలయ్యే అడ్రస్ చూపించడం కూడా ఇదే క్లాసులో అయిపోతుంది.

ఇక సెక్యూరిటీ. కొంతవరకు బ్రహ్మాండంగా చెప్పొచ్చు. రెండో వెబ్ సర్వర్ పెట్టి అందులో దొంగ బ్యాంకు పేజీ తయారు చేస్తాను, తర్వాత డీఎన్ఎస్‌లో బ్యాంకు పేరుకు ఎదురుగా దొంగ సర్వర్ ఐపీ రాస్తాను. పిల్లలు బ్యాంకు పేరు ఒక్క అక్షరం తప్పు లేకుండా కొడతారు, దొంగ పేజీ తెరుచుకుంటుంది. "స్పెల్లింగ్ కరెక్టే కదా సార్!" అని వెనక బెంచీ వాడు గట్టిగా అన్నాడు. ఫిషింగ్ గురించి గంటసేపు మాట్లాడినా ఆ ఎఫెక్ట్ రాదు. అయితే అసలు సైట్ తానేనని డిజిటల్ సర్టిఫికెట్‌తో ఎలా రుజువు చేసుకుంటుందో ఈ బొమ్మ బ్రౌజర్‌లో చూపించలేం. దానికి నిజం బ్రౌజర్ తెరిచి, సర్టిఫికెట్ ఎవరి పేరు మీద ఉందో విప్పి చూపించాల్సిందే.

రూటర్‌కు పాస్‌వర్డ్ పెట్టే పాఠం కూడా బాగా కుదురుతుంది. ఎనేబుల్ పాస్‌వర్డ్ అనే కమాండ్‌తో పెడితే కాన్ఫిగరేషన్‌లో (రూటర్ సెట్టింగుల జాబితాలో) ఆ పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. ఎనేబుల్ సీక్రెట్ అనే కమాండ్‌తో పెడితే గజిబిజి అక్షరాలు కనిపిస్తాయి. పాస్‌వర్డ్ ఎంత కష్టమైనదన్నది ఒకటి, అవతలివాడు దాన్ని ఎలా దాస్తున్నాడన్నది ఇంకొకటి అని ఆ తెర చూసి పట్టేస్తారు. వైఫై రూటర్ బొమ్మలో తయారీదారు పెట్టిన యూజర్ నేమ్, పాస్‌వర్డ్ రెండూ అడ్మినే. ఆ సాయంత్రం ఇళ్ళకు వెళ్ళి సొంత రూటర్లు చూసుకోమన్నాను. సోమవారం హెడ్మాస్టరు గారికి ఇద్దరు తండ్రుల నుంచి ఫోన్లు వచ్చాయట, మా వైఫై పాస్‌వర్డ్ ఎవరు మార్చారని.

ఒక మార్కు ఎందుకు పోయిందంటే, మా పిల్లల ఇళ్ళలో దొంగతనం స్విచ్ దగ్గర జరగడం లేదు, ఫోన్‌లో జరుగుతోంది. ఇక్కడ చాలామంది తండ్రులు రొయ్యల చెరువుల వాళ్ళు, మేత డబ్బులు, సరుకు డబ్బులు అన్నీ ఫోన్ మీదే నడుస్తాయి. "డబ్బు పంపుతున్నాను, పిన్ కొట్టండి" అని ఫోన్ వస్తుంది. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ అక్కర్లేదనే ఒక్క మాట పిల్లాడికి తెలిసి ఉంటే తండ్రి చెయ్యి పట్టుకుని ఆపగలడు. గేమ్‌లో ఫ్రీ డైమండ్లు ఇస్తామనే లింకులు, ఓటీపీ అడిగే ఫోన్లు, పోలీసు డ్రెస్సులో వీడియో కాల్ చేసి బెదిరించేవాళ్ళు, ఇవేవీ పాకెట్ ట్రేసర్‌లో లేవు. దాన్ని తయారు చేసింది కూడా అందుకు కాదు, తప్పు పట్టను. కానీ దీన్ని ఇన్‌స్టాల్ చేసి సైబర్ సెక్యూరిటీ చెప్పేశామని రిజిస్టర్‌లో రాసుకుంటే కుదరదు. నేను ప్రతి క్లాసు చివర పావుగంట దీన్ని మూసేసి, ఆ వారం ఊళ్ళో ఎవరికి ఏ మెసేజ్ వచ్చిందో పిల్లలనే చెప్పమంటాను. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 నంబరు బోర్డు మూల చెరపకుండా ఉంచాం. డబ్బు పోతే ముందు ఆ నంబరుకు ఫోన్, తర్వాత ఏడుపు అని చెప్పాను.

వైరు విషయంలో కూడా దీనికి హద్దుంది. తెర మీద మెరుపు గుర్తు నొక్కితే సరిపడే కేబుల్ అదే వేసేస్తుంది, చేతికి ఏమీ రాదు. ఒక క్రింపింగ్ టూల్ (వైరు చివర కనెక్టర్ బిగించేది), కొన్ని ఆర్‌జే 45 కనెక్టర్లు, కొన్ని మీటర్ల క్యాట్ 6 నెట్‌వర్క్ వైరు తప్పకుండా కొనండి. కనెక్టర్‌లో పెట్టాల్సిన తీగల రంగుల వరస వైట్ ఆరెంజ్, ఆరెంజ్, వైట్ గ్రీన్, బ్లూ, వైట్ బ్లూ, గ్రీన్, వైట్ బ్రౌన్, బ్రౌన్ అని మావాళ్ళు ఎక్కాల్లాగా అప్పజెబుతారు. మా క్లాసులో క్రింపింగ్ బాగా చేసేది మార్కుల్లో ముందుండే పిల్లలు కారు, సైకిల్ షాపులో పనిచేసి వచ్చే ఒక కుర్రాడు.

చిన్న ఇబ్బందులు మరికొన్ని. తెలుగు లేదు, మెనూలన్నీ ఇంగ్లీషే. పిల్లలకు అది పెద్ద అడ్డంకి కాదు, టీచర్లకే భయం. పరికరాల జాబితా సర్టిఫికెట్ పరీక్షలకు చదివేవాళ్ళ కోసం చేసింది కాబట్టి మరీ పొడుగు, మనకు అందులో అయిదారు చాలు. అన్ని మెషీన్లలోనూ లాగిన్ కావాలి, క్లాసు రోజు ల్యాబ్‌లో నెట్ ఉంటుందన్న నమ్మకం లేకపోతే ముందు రోజే వెళ్ళి లాగిన్ చేసి ఉంచండి. సబ్‌నెట్టింగ్ (నెట్‌వర్క్‌ను చిన్న ముక్కలుగా విడగొట్టే) లెక్కల జోలికి వెళ్ళకండి, సబ్‌నెట్ మాస్క్‌గా 255.255.255.0 ఒక్కటీ పెట్టుకుని ఏడాదంతా నడపొచ్చు.

కంప్యూటర్ టీచర్ ఉన్న ఏ హైస్కూలుకైనా ఇది సరిపోతుంది. టీచర్ లేకుండా పిల్లలకే వదిలేద్దామనుకునే స్కూళ్ళకు మాత్రం వద్దంటాను. తెర మీద ఎర్ర గుర్తు పడినప్పుడు "ఎందుకు?" అని అడిగే మనిషి పక్కన లేకపోతే పిల్లలు అన్నీ చెరిపేసి, రంగురంగుల కేబుళ్ళతో ముగ్గు వేసి కూర్చుంటారు.