టెన్త్ క్లాసుకి వాట్సాప్ కమ్యూనిటీ: సోషల్ టీచర్ రివ్యూ

విశాఖలో మధురవాడ వైపు హైస్కూల్లో సోషల్ చెప్తానండి, పాఠాలకి వాట్సాప్ కమ్యూనిటీ (కొన్ని గ్రూపుల్ని ఒకే గొడుగు కిందకి తెచ్చి, అందరికీ ఒకేసారి అనౌన్స్‌మెంట్స్ పంపే ఏర్పాటు) వాడుతున్నాం, నాకైతే బాగా నచ్చింది. విపత్తుల పాఠం అప్పుడు 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు ఎలా ఉందో ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి వాయిస్ మెసేజ్ పంపమన్నా, అబ్బ, ఒక మామ్మగారు జాలారిపేటలో పడవలు ఎలా కాపాడుకున్నారో చెప్పారు, ఇంకొకాయన కరెంటు లేక మంచినీళ్ళకి పడ్డ పాట్లు చెప్పారు, క్లాసులో స్పీకర్ పెట్టి వినిపిస్తే లాస్ట్ బెంచీ వాళ్ళు కూడా కదల్లేదు. ఏ టెక్స్ట్‌బుక్‌లో దొరుకుతుందండి ఇది! నేలకోత పాఠానికి భీమిలి రోడ్డులో ఎర్రమట్టి దిబ్బల ఫొటోలు కూడా అలాగే తెప్పించాను.

మామూలు గ్రూప్ ఎందుకు వద్దంటే అందులో పిల్లల నంబర్లు అందరికీ కనిపిస్తాయి, కమ్యూనిటీ అనౌన్స్‌మెంట్స్‌లో అయితే అడ్మిన్‌కి, ముందే నంబర్ సేవ్ చేసుకున్నవాళ్ళకి తప్ప కనపడవు, పోస్ట్ చేసేది కూడా అడ్మిన్‌లే, అందుకే పిల్లలు నాకు విడిగా పంపితే నేను పెడతాను. ఆడపిల్లల పేరెంట్స్‌కి ఇదే ధైర్యం. కింద సబ్‌గ్రూపులు చేస్తే మాత్రం నంబర్లు మళ్ళీ కనిపిస్తాయి, జాగ్రత్త.

13 ఏళ్ళు నిండకపోతే పిల్లలు సొంతంగా వాట్సాప్ అకౌంట్ తెరవకూడదు కాబట్టి చిన్న క్లాసులకి పేరెంట్స్ ఫోనే. చాలా ఇళ్ళల్లో ఉన్న ఒక్క ఫోనూ నాన్నతో పాటు డ్యూటీకి వెళ్ళిపోతుంది, అందుకని ఈ రోజు చెప్పి రేపటికి కావాలనకండి, ఆదివారం దాకా టైమ్ ఇవ్వండి. నోట్సులకి మాత్రం పనికిరాదు, పైకి స్క్రోల్ చేసి వెతకలేక చచ్చిపోతారు. 5కి 4 ఇస్తాను.